బుట్టమ్మ ఇంట్లో బుట్ట

ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధుల్లో లేరు. అందరికీ బుట్టమ్మే. బడిలో కౌన్సెలర్ ఉద్యోగం. పిల్లలు ఫోన్ వదలడం లేదని తల్లిదండ్రులు లబోదిబోమంటూ వస్తే, సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళి, సంచిలోంచి పేము బుట్ట తీసి భోజనాల బల్ల మీద పెట్టేది.

"భోజనాల వేళ ఫోన్లన్నీ శబ్దం ఆపేసి ఇందులో పెట్టాలి. ముందు నాన్నగారిది, తర్వాత అమ్మగారిది, ఆఖరున పిల్లలది."

ఆ వరసలోనే ఉంది ఆవిడ కిటుకంతా. ఆఫీసు నుంచి అర్జంటు ఫోన్ వస్తుందని తండ్రులు నీళ్ళు నమిలితే, "ఒక్కరిని మినహాయిస్తే అది బుట్ట కాదండీ, జల్లెడ" అనేది. పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. తండ్రిని కూడా దారిలో పెట్టే మనిషంటే ఏ పిల్లలకి చేదు?

ఇన్ని ఇళ్ళు చక్కబెట్టిన మనిషికి సొంతింట్లో పలకరించే దిక్కు లేదు. భర్తతో విడిపోయినప్పుడు కూతురు తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోవడంతో ఇప్పుడక్కడ పిన్ని కూడా ఉంది. తల్లీకూతుళ్ళకు మిగిలింది రాత్రి భోజనాల వేళ ఫోనే. అటు పిల్ల కంచం, ఇటు తల్లి కంచం. ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు ఉండేది ఆవిడకు. ఊరందరికీ వద్దని చెప్పే పనే తను చేస్తున్నానని తట్టకపోలేదు. తట్టినా పక్కకు నెట్టేసింది.

ఒక సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను పాప పిన్నిని. మొన్న లైబ్రరీలో మీరు మాట్లాడింది విన్నాను. వెనక కూర్చున్నాను, మీరు చూసుండరు. బుట్ట కొన్నాను. ఆయనా నేనూ పెట్టేశాం. పాప మాత్రం అమ్మ ఫోన్ వస్తుందని చేతిలోనే పట్టుకుంటోంది. దాని ఒక్కదానికీ వదిలెయ్యమంటారా?"

బుట్టమ్మకు వదిలెయ్యమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "బల్ల దగ్గర మీతో మాట్లాడుతుందా?" అని అడిగింది.

"మామూలుగా ఏం మాట్లాడదక్కా. నిన్న మీకు పనుండి ఫోన్ చెయ్యలేదు కదా, ఒకటే కబుర్లు. ఈత నేర్చుకుంటోంది కదా, నీళ్ళలో కళ్ళు తెరిచిందట. వాళ్ళ నాన్న తినడం మానేసి విన్నారు."

ఈత సంగతి తల్లికి తెలియదు. రోజూ తనకు దక్కేది "తిన్నానమ్మా, చదివానమ్మా" అన్న రెండు ముక్కలే. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరినీ తలుచుకుంటే ఆవిడకు కుళ్ళు పుట్టింది. ఆ కబుర్లు ఎదురుగా కూర్చుని వినాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"అక్కా, ఉన్నారా?"

"బుట్టలోనే పెట్టించమ్మా" అంది. "భోజనం అయ్యాక దానికి చెయ్యాలనిపిస్తే చేస్తుంది. నువ్వు మాత్రం గుర్తు చెయ్యకు."

ఆ రాత్రి సంచిలోంచి ఒక బుట్ట తీసి తన బల్ల మీదే పెట్టుకుంది. ఫోన్ శబ్దం ఆపేసి అందులో పెట్టి, భోజనానికి కూర్చుంది. తినడం అయిపోయింది, కంచం కడగడం అయిపోయింది, బల్ల తుడవడం కూడా అయిపోయింది. మళ్ళీ వచ్చి బుట్ట ముందే కూర్చుంది కానీ, చెయ్యి పెట్టలేదు. తీస్తే, పిల్ల ఫోన్ చేసిందో లేదో తెలిసిపోతుంది.