అత్త వెనక ఒక అడుగు

మా కాలనీ మైదానం గేటుకు తాళం వేసింది కాలనీ సంఘం అధ్యక్షుడు. కొత్తగా వేయించిన పచ్చిక తొక్కితే పాడవుతుందని పొద్దున ఏడు దాటేదాకా ఆ తాళం తియ్యడు. ఏడు దాటాక విశాఖలో ఎవడు నడవగలడో ఆయనే చెప్పాలి. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఆ గేటు తెల్లవారుజామున తెరుచుకుంటే చూడాలని ఉందన్న మనిషి చూడకుండానే వెళ్ళిపోయారు. మా ఎదురింటి మావయ్య పోయిన నెల ఛాతీలో నిమ్ము చేరి ఆస్పత్రిలో కన్నుమూశారు.

మధురవాడలో మా వీధివాళ్ళకు ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. నాకు రక్తసంబంధం లేని మావయ్య. రిటైరయ్యాక భార్య ఒంట్లో కొలెస్ట్రాల్ తగ్గించడమే ఉద్యోగంగా పెట్టుకున్న పెద్దమనిషి. ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకునేవాళ్ళు ఎవరి వంటింట్లోనైనా ఒక్క గరిటె నూనె తగ్గించి చూడండి.

మొదలైంది ఒక మాట దగ్గర. అత్త రక్తపరీక్ష చూసి డాక్టరు, "మీ రక్తంలో కొవ్వు బాగా ఎక్కువైందమ్మా" అన్నాడట. ఆమె ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. వీధంతా వినేలా మొదలుపెట్టింది.

"కొవ్వెక్కిందంటాడేటి నాకు? ఇన్నేళ్ళు కాపరం సేసినాను, ఒక్కరి సేత ఆ మాట అనిపించుకున్నానేటి? ఆడికే ఎక్కింది కొవ్వు."

"తిట్టలేదే ఆయన. రోగం పేరు సెప్పాడు," అన్నారు మావయ్య.

"రోగానికి ఇంకో పేరు దొరకలేదేటి?"

మన భాషలో కొవ్వు ఒంటికి పట్టేదే కాదు, తలకెక్కేది కూడా. మా వీధిలో ఆ మాట ఎక్కువగా పడేది నాకే కాబట్టి, అత్త బాధ నాకు అర్థమైంది. ఆ డాక్టరు గడప మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకుని, ఆ సాయంత్రం పంతానికి మూకుడు నిండా మిరపకాయ బజ్జీలు వేసింది.

అప్పటికి నేను దొరికిన కరపత్రమల్లా చదివి, సొంతంగా కరపత్రాలు అచ్చు వేయించి పంచుతున్నాను. నూనె కంపెనీలు మన వంటింట్లోకి ఎలా దూరాయో రాసిన కాగితాలు కొన్ని మిగిలితే అత్త చేతిలో పెట్టాను. ఆమె వాటిని పళ్ళెంలో పరిచి, వాటి మీద బజ్జీలు వేసి నా ముందు పెట్టింది.

"నీ ఉద్యమం నూనె బాగా పీలుత్తందిరా," అంది.

నేను లేచి నిలబడ్డాను. మావయ్య నా భుజం నొక్కి కూర్చోబెట్టి, బజ్జీలు పక్కకు తీసి, ఒక కాగితాన్ని ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకున్నారు. నూనె ఇంకి కాగితం అద్దంలా అయింది. వెనకవైపు అక్షరాలు తిరగబడి ముందుకు కనిపిస్తున్నాయి.

"ఇటు సూడే. ఇదేటి? కొవ్వా? జిడ్డు. నీ రగతంలో ఉన్నదీ ఇదే. మూకుడికి అంటిన జిడ్డు ఎలా వదిలించాలో నీకొకరు సెప్పాలేటి?"

అత్త ఆ కాగితాన్ని వేలితో రుద్ది చూసింది. "జిడ్డైతే తోముకోవచ్చు," అంది.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో కొవ్వు అనే మాట నిషేధం. మావయ్య ముందుగా వెళ్ళి డాక్టరుకు కూడా చెప్పి వచ్చారు. ఆయన నవ్వి ఒప్పుకున్నాడట.

తోమడం మొదలైంది. నూనె డబ్బా ఆ పూటే బయట పారబోయాలన్నది నా వాదన. మావయ్య వినలేదు. "గుంజితే లోడు ఊగుతాది అల్లుడూ. మెల్లగా దించాలి," అన్నారు. డబ్బా వంచి పొయ్యడం మాన్పించి చెంచా పెట్టారు. వంజరం వేపుడు కాస్తా పులుసైంది. పొద్దున్న పూరీల చోటికి మజ్జిగ కలిపిన చోడంబలి, అదే రాగి అంబలి, వచ్చింది. బజ్జీలు మాత్రం పూర్తిగా పోలేదు, పండగలకు మిగిలాయి. తనకు ఏ జబ్బూ లేకపోయినా ఆయనా అదే తిన్నారు. ఒకసారి అడిగితే, "పక్కన కూకుని నాను గారెలు తింటా దాన్ని అంబలి తాగమంటే అది మొగుడి పని కాదు, వార్డెను పని," అన్నారు.

నడక మైదానంలో. అత్త ముందు, ఆయన ఒక్క అడుగు వెనక. ఎందుకలాగని నేనే అడిగాను.

"ముందు నడిత్తే గుంజినట్టుంటాది. పక్కన నడిత్తే కబుర్లే అయిపోతాయి. ఎనకాలుంటే దాని యేగం దానిది."

"అదేటి కాదురా," అంది అత్త, తిరిగి చూడకుండానే. "బజ్జీల బండి కాడ ఆగిపోతానని కాపలా."

రెండో ఏడు పరీక్ష చేసి డాక్టరు, "జిడ్డు బాగా తగ్గిందమ్మా," అన్నప్పుడు అత్త మా అందరికీ చోడి ఉండలు పంచింది.

ఆ తర్వాతే పచ్చిక వచ్చింది, తాళం వచ్చింది. నేను సుత్తి పట్టుకుని బయల్దేరాను. మావయ్య వీధిలో ఎదురై, "మంచి సుత్తే. ఇలాగియ్యి," అని తీసుకుని మేడెక్కారు. నడిచేటప్పుడు అత్త మెడకు తగిలేలా కట్టి ఉన్న బట్టల తీగ మేకులు పీకి, తీగను గోడవారకు మార్చారు. అప్పట్నుంచి నీళ్ళ ట్యాంకు చుట్టూ నడిచారు ఇద్దరూ. ఇళ్ళ కప్పుల మీదుగా రుషికొండ వైపు సముద్రం సన్నగా గీతలా కనిపిస్తుంది అక్కణ్ణుంచి.

"తాళం నువ్వు పగలగొడితే రేపు ఇంకోటి తెత్తాడు. ఆడి సేత్తో ఆడే తియ్యాలి. ఆడికీ పొట్టుంది, ఆణ్ణీ నడిపిద్దాం," అనేవారు. అధ్యక్షుడు కనబడినప్పుడల్లా నవ్వుతూ అడిగేవారు. ఆ పద్ధతితో నాకు ఇప్పటికీ పూర్తి అంగీకారం లేదు. కాని సుత్తి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. నేను అడగలేదు.

ఆస్పత్రిలో ఊపిరి అందక మాట్లాడలేని రోజుల్లో కూడా, అత్త వెళ్ళగానే మూతికున్న ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి ఆయన అడిగింది ఒకటే మాట. "నడిసావా?"

ఆయన పోయాక అత్త నడవడం లేదు. మేడెక్కి ట్యాంకు పక్కన కూర్చుని దిగిపోతోంది. "ఎనకాల అడుగు సప్పుడు లేకపోతే నా కాలు పడట్లేదురా," అంది. మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది. డాక్టరు మళ్ళీ పరీక్షకు రమ్మన్నాడు, ఆమె వెళ్ళలేదు. ఇలా వదిలేస్తే మావయ్య మెల్లగా దించిన బరువంతా మళ్ళీ ఆమె గుండె మీదికే వస్తుంది. ఇది చాలదన్నట్టు, తెల్లారే ఆమె ఎదురొస్తే మంచిది కాదని మా వీధిలోనే ఒకరిద్దరు గొణిగారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. రాయను. వాళ్ళ ఇళ్ళలోనూ జిడ్డుంది, వాళ్ళూ నడకకు రావాలి.

ఆదివారం తెల్లారే అందరం కలిసి మైదానంలో నడుద్దామని మొన్న అత్తకు చెప్పాను.

"గేటు తీత్తారేటి?"

"తియ్యకపోతే చుట్టూ రోడ్డుంది."

"నువ్వు గొడవ పెట్టుకోవు కదా?"

"పెట్టుకోను."

"సూత్తాను," అంది. సాయంత్రం చూస్తే మావయ్య కొనిచ్చిన నడక బూట్లు కడిగి గడప పక్కన ఆరబెట్టి ఉన్నాయి.

అందుకే ఈ కాగితం. చదివాక దీని మీద బజ్జీలు పెట్టుకున్నా నాకు కోపం రాదు, కాని లైటు దగ్గర ఒకసారి పట్టుకుని చూడండి. ఈ ఆదివారం పొద్దున అయిదున్నరకు మైదానం గేటు దగ్గరికి రండి. నినాదాలుండవు, బ్యానరుండదు. అధ్యక్షుడిగారి ఇంటికి నేనే వెళ్ళి, తాళంచెవితో రమ్మని మర్యాదగా పిలిచి వచ్చాను. గేటు తెరిస్తే లోపల, తెరవకపోతే గోడ చుట్టూ నడుద్దాం.

అత్త ఎవరికీ ఎదురు రాదు. అందరికన్నా ముందు నడుస్తుంది. ఆమె వెనక ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, ఆ వెనక మనం.