రెండు మైనం బిళ్లలతో విజయనగరం

పాతపట్నం నుంచి మేం బయలుదేరింది గుడికీ కాదు, పెళ్లికీ కాదు. మా ఆయన చేతి గడ్డలోంచి తీసిన ముక్కలు పట్టుకుని బయలుదేరాం. భుజానికి కిందగా రేగుపండంత ఉన్న గడ్డ ఏడాదిలో నిమ్మకాయంత అయింది. శ్రీకాకుళంలో తీసేశారు. తీసినదాన్ని పరీక్ష చేసి, ఇది రక్తనాళాల గడ్డ, మంచిదో కేన్సరో ఇక్కడ తేలడం లేదు, గడ్డ స్వభావం తేల్చే మార్కర్ల పరీక్ష చేయించండి అన్నారు. ముక్కల్ని మైనంలో పొదిగిన బిళ్లలు రెండు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతికిచ్చారు. పరీక్ష చేసే ల్యాబు విజయనగరంలో ఉంది. మీకెవరికీ ఈ పని పడకూడదు. పడితే మాత్రం దారి తెలియాలి కదా అని రాస్తున్నాను.

మా ఆయన నారాయణ నాకు మేనబావ. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, పైగా కిరాణా కొట్టు చూసుకోవాలి. అందుకని నేనూ మా అత్తా వెళ్లాం. అత్త అంటే మా నాన్న సొంత చెల్లెలు, కాబట్టి మా మధ్య మొహమాటాల్లేవు.

ఉదయం అయిదుంబావుకు బస్సు. హిరమండలం మీదుగా ఏడున్నరకు ఆమదాలవలసలో దిగాం. శ్రీకాకుళం రోడ్డు స్టేషనంటే ఇదే. కొత్తవాళ్లు పేరు చూసి శ్రీకాకుళం ఊళ్లోకి వెళ్లిపోకండి, అక్కడ రైలు లేదు. స్టేషను బయట ఇడ్లీ వేడిగా ఉంది గానీ నాకు గొంతు దిగలేదు. అత్త తనవీ తింది, నావీ తింది.

ఎనిమిదింబావు రైల్లో జనం బాగానే ఉన్నారు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీట్లో పకోడీలు తింటున్న పెద్దాయన చాలాసేపు చూసి ఉండబట్టలేక అడిగాడు.

"ఏటమ్మా, డబ్బాలో బంగారమేటి? అలగ గుండెకి అదుముకుని కూకున్నావు?"

"బంగారం కాదు బాబూ, మా వోడి కండముక్క," అంది అత్త.

నోటి దాకా వెళ్లిన పకోడీ ఆగిపోయింది. పెద్దాయన మర్యాద కోసం రెండు నిమిషాలు ఓర్చుకుని, తలుపు దగ్గర గాలి బాగుందంటూ లేచిపోయాడు.

"ఒసే, కిటికీ పక్క కాళీ అయినాది. జరుగు," అంది అత్త. ఆవిడ గుండె ధైర్యానికి నాకు ఒళ్లు మండింది.

పదిన్నరకల్లా ల్యాబులో ఉన్నాం. కౌంటరులో అమ్మాయి డబ్బా మూత తీసి నా మొహంలోకి చూసింది. తొంగి చూద్దును కదా, రెండు బిళ్లలూ పచ్చగా పసుపు పూసుకుని, నడుమ కుంకుమబొట్లతో ఉన్నాయి. మా కొట్లో కొత్త సరుకు దిగినా, ముఖ్యమైన కాగితం బయటికి వెళ్లినా, పసుపు బొట్టు పడనిదే గడప దాటదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు అత్త డబ్బా దేవుడి దగ్గర పెట్టి ఆ పని కానిచ్చింది. తడి పసుపు సరిగ్గా నంబరు రాసిన చోటే దట్టంగా మెత్తింది.

"ఏటత్తా ఇది?"

"మంచి కబురు రావాలని ఎట్టానే. ఉత్తినే పంపుతామేటి?"

"నంబరు కనపడకపోతే మేం తీసుకోమండీ. ఇంకొకరి ముక్కతో కలిసిపోతే ఎవరు చెప్పగలరు?" అంది ఆ అమ్మాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గడ్డ మొత్తం తీసేశారు. మళ్లీ ముక్క కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తాం? "నీ చాదస్తం తగలెయ్యా!" అని అందరిముందూ అరిచేశాను. మాటకు మాట అప్పజెప్పే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. అది చూశాక నా కోపం నాకే రోత పుట్టింది.

లోపల్నుంచి ఓ నడివయసు టెక్నీషియన్ వచ్చాడు, శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల మనిషట. దూది స్పిరిటులో ముంచి బిళ్ల అంచుమీద మెల్లగా తుడిచాడు. పసుపు రంగు పోలేదు గానీ, దాని అడుగు నుంచి అంకెలు ఒక్కొక్కటే తేలాయి.

"పెన్సిలు రాతమ్మా, దేనికీ పోదు. అందుకే పెన్సిల్తో రాస్తాం. మైనం లోపలికి పసుపు ఎల్లదు, బయపడకండి. రేపు మజ్జానం రండి."

ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. చదివేవాళ్లకు నా మనవి ఒక్కటే. పూజ దేవుడికి చెయ్యండి, బిళ్లకు వద్దు.

గంటస్తంభం దగ్గర లాడ్జిలో గది దొరికింది. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు పొద్దున్న ఏడు దాకానే. మర్నాడు మధ్యాహ్నం దాకా గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, పొద్దున్నే ఆరున్నర బస్సుకు రామతీర్థం వెళ్లాం. నెల్లిమర్ల మీదుగా ముప్పావుగంట. దర్శనం తొందరగానే అయింది. కొండమీద పాత బౌద్ధుల ఇటుక గోడలు చూడాలంటే మెట్లెక్కాలి. సగం ఎక్కి అత్త కూలబడింది.

"దేవుణ్ణి ఏటి అడిగావు?" అన్నాను.

"ఏటీ అడగలేదు. నిన్న సేసిన నిర్వాకం సాలు. ఊరికే దండం ఎట్టుకున్నాను." నా వైపు చూడకుండానే అంది. "ఆడికేటైనా అయితే నానేటి సేస్తానే?"

ఇడ్లీలు తిన్నదీ, కిటికీ సీటుకు జరగమన్నదీ ఈ భయంతోనేనని అప్పుడర్థమైంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

పన్నెండుకు ల్యాబులో డాక్టరమ్మ లోపలికి పిలిచింది. చిన్న వయసు. మైక్రోస్కోపులో కనపడేదంతా పక్కనే తెరమీద చూపించింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గోధుమరంగు గీతలే.

"అంతా పాడైపోయిందా అమ్మా?"

"అయ్యో, కాదండీ. రక్తనాళం లోపలి పొర కణాల పైన కొన్ని ప్రోటీన్లుంటాయి. సీడీ ముప్పై ఒకటి, సీడీ ముప్పై నాలుగు అంటాం. మేం వేసిన మందు వాటిని పట్టుకుంటే ఈ రంగొస్తుంది. ఇది రక్తనాళమే అని చెబుతుంది, అంతే." స్లైడు అంచుకు జరిపింది. "ఇదిగో, గడ్డ పక్కనున్న మంచి నాళం. దీనికీ అదే రంగు."

"మంచిదానికీ సెడ్డదానికీ ఒకటే రంగేటి? మరి తేడా ఎలగ తెలుస్తాది?" అత్త తెర దగ్గరకు వంగింది.

"ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గుణాలు ఒకటవుతాయా మామ్మగారూ? గుణం వేరేగా చూడాలి. కేన్సరైతే కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, పక్క కండలోకి చొరబడతాయి. ఇవి చూడండి, ఒకే వరసలో బుద్ధిగా ఉన్నాయి. పెరుగుతున్న కణాల కోసం ఇంకో రంగు వేశాం, అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. ఇది మామూలు గడ్డ. మొత్తం తీసేశారు కూడా. కుట్లు మానితే చాలు."

కూర్చున్న చోటే భోరున ఏడ్చేశాను, సిగ్గు కూడా పడలేదు. అత్త డాక్టరమ్మ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

బయటికొచ్చి బావకు ఫోన్ చేశాను. అంతా విని, "సరే, జాగర్తగా రండి," అని పెట్టేశాడు. ఇంతేనా, మనిషి కాదు రాయి అన్నాను. "నిన్ను కట్టుకున్నాక రాయవ్వకేటవుతాడు?" అంది అత్త. రెండ్రోజుల్లో మొదటిసారి ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. స్టేషను దగ్గర భోజనం హోటల్లో రెండోసారి చారన్నం అడిగి తిన్నాను. ఒంటిగంటాయాభై రైలు, మూడున్నరకు బస్సు. వెళ్లేటప్పుడు ఒక్క పొలమూ కంటికి ఆనలేదు. వచ్చేటప్పుడు వంశధార పక్కన వరిచేలన్నీ చూసుకుంటూ వచ్చాను. దూరం అదే, దారి అదే. మనసులో బరువు లేకపోతే ఆర్టీసీ బస్సు కుదుపులు కూడా హాయిగానే ఉంటాయని తెలిసింది.

పాతపట్నంలో దిగేసరికి ఆరు కావస్తోంది. బస్టాండులో బావ నిలబడి ఉన్నాడు.

"ఫోన్లో ఇన్నాను. మళ్లీ సెప్పు," అన్నాడు.

"మామూలు గడ్డే బావా."

"అలగ కాదు. దాని పేరెట్టి సెప్పు."

మూడు వారాలుగా మా ఇంట్లో ఎవరి నోటా రాని మాట అది. జనమంతా తిరిగి చూస్తుంటే గట్టిగా చెప్పాను.

"నీకు కేన్సర్ లేదు బావా."

"ఇంకోపాలి," అన్నాడు.

ఈసారి నాకంటే ముందు అత్త చెప్పింది.