ఆవును నమ్మించిన నైటీ

తిరుపతిలో డాక్టరు నా రిపోర్టులు ముందుకీ వెనక్కీ తిప్పి, ఈ జబ్బు నయమయ్యేది కాదనీ, మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చనీ మెల్లగా చెప్పారు. ఇష్టమైన పనులు చేసుకుంటూ సంతోషంగా ఉండమన్నారు. పలమనేరు దగ్గర పల్లెలో ఒక జెర్సీ ఆవునూ ఒక మొగుణ్ణీ సాకుతున్న మనిషిని. ఇష్టమైన పని ఏదో ఆలోచించుకోడానికి నాకు తీరిక ఎక్కడిది?

రెండో నెలకు మందుల వల్ల వేలికొసలు మొద్దుబారాయి. పాలు పితకడం నా వల్ల కాలేదు. మా ఆయన అక్క, నాకు వదిన, పక్కింట్లోనే ఉంటుంది. ఆవును అమ్మేయమంది. మాట సబబే. కానీ పిల్లలు లేని ఇల్లు మాది. నేను పోయాక ఈయన తెల్లారి ఎవరికోసం లేస్తాడు? లేపకపోతే మంచం మీదే మధ్యాహ్నం చేసేసే రకం. ఆవైతే అయిదింటికల్లా అరుస్తుంది, లేచేదాకా ఊరుకోదు. అలా నాకొక పని దొరికింది. నేనుండగానే వీళ్లిద్దరికీ పొత్తు కుదర్చాలి.

కష్టంలో పాలు పంచుకుంటానని నన్ను కట్టుకున్న మనిషికి పాలు పితకడం మాత్రం రాదు. నేర్పితే వేళ్లు తిరిగాయి గానీ ఆవు ఒప్పుకోలేదు. మూడు ఈతలుగా నా చేయి తప్ప మరో చేయి ఎరగదు. బకెట్టు తన్నేసి, పొదుగు బిగబట్టి నిలబడింది.

మా వైపు ఇలాంటప్పుడు మగవాళ్లు ఇంటావిడ చీర కప్పుకుని కూర్చుంటారు, వాసనకు ఆవు మోసపోతుందని. చీర ఆయన కాళ్లకు చుట్టుకుపోతుంటే నా నీలంపూల నైటీ ఇచ్చాను. చిక్కిపోయిన నా మీద అది దండెం మీద ఆరేసినట్టుండేది. ఆయనకు నిండుగా సరిపోయింది. నేను పక్కన కుర్చీ వేసుకుని ఆవుతో కబుర్లు చెబుతుంటే ఆయన పితికాడు. పాలు దిగాయి.

ఒక పొద్దున వదిన చెంబుతో వచ్చి కొట్టం దగ్గర నిలబడిపోయింది.

“ఏందిరా ఈ వేసం? పెండ్లాం ఉండంగానే గుడ్డలు పంచుకుంటా ఉండావా?”

“సప్పుడు సేయొద్దక్కా. ఇది నన్ను ఆమే అనుకుంటా ఉండాది,” అన్నాడు తల తిప్పకుండా.

పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. నవ్వయ్యాక దిగులు పట్టుకుంది. నైటీలో నా వాసన ఎన్నాళ్లుంటుంది? అందుకని ఆవుకు నేను లేకపోవడం అలవాటయ్యేలా రోజుకో అడుగు కుర్చీ వెనక్కి జరిపాను. చివరికి వంటింట్లో కూర్చుని మాట్లాడసాగాను.

తర్వాత మందు ఎక్కించుకోవడానికి వదినను తోడు తీసుకుని తిరుపతి పోయి, మూడు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగొచ్చేసరికి సాయంత్రం పాలవేళ. ఆయన తన చొక్కాతోనే పొదుగు కింద కూర్చుని, నా పులుసులో పులుపెక్కువని ఆవుకు చాడీలు చెబుతున్నాడు. బకెట్టులో నురగ పొంగుతోంది.

“నైటీ యాడ?” అన్నాను.

“ఇంగ దాంతో పనిలేదు. ఉతికి ఆరేసినా, నీకు ఏసుకునేదానికి.”

ఆవు నన్నొకసారి చూసి మళ్లీ తవుడులో మూతి పెట్టింది. మూడు రోజులకే ఇంత మరుపా అని కాసేపు కుళ్లుకున్నాను.

“పోయి పండుకోమే, దీన్ని నేను సూసుకుంటా,” అన్నాడు.

పోలేదు. కొట్టం గడప మీద కూర్చుని, వాళ్ల పని అయ్యేదాకా చూశాను.