కట్టెకు అగ్గి పెట్టిన శరత్తు

కర్నూలు బస్టాండులో ఉదయం ఆరుంపావుకు కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. ఒళ్లో గుడ్డ చుట్టిన పటం ఉంది. కడపలో చిత్రప్రదర్శనకు ఎంపిక మధ్యాహ్నం మూడింటికి, విషయం శరదృతువు. ఇరవయ్యేళ్లుగా బడిలో డ్రాయింగు చెబుతున్నాను, నా బొమ్మ ఇంతవరకు ఏ ప్రదర్శనలోనూ గోడకెక్కలేదు. ఈసారైనా ఎక్కాలని ఎంత ఆశో చెప్పలేను.

శరత్తు విషయంలో నాకు విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు చిత్రకారులే గురువులు. పాత పుస్తకాల అంగట్లో దొరికిన వాళ్ల అచ్చుబొమ్మల కట్ట ఇప్పటికీ నా సంచిలోనే తిరుగుతుంది. రాలిన ఆకుల్ని కుప్పపోసి కాల్చే ఆడపిల్లలు, కోసిన చేలో పరిగె ఏరుకునే పేదలు, సన్నటి పొగ, వాలే పొద్దు. వయసు జారిపోతుందన్న దిగులును ఆకుల రంగులో చెప్పారు వాళ్లు. మా సీమలో ఆ నెలల్లో ఆకులు రాలవు. అందుకని శెనక్కాయ చేను వేశాను. కాయలు తెంపగా మిగిలిన తీగల కుప్ప, మా వైపు దాన్ని కట్టె అంటారు. పక్కన ఇద్దరు పిల్లలు, కుప్పకు మంట, పైన పొగ.

ఎనిమిదింటికి నంద్యాలలో పది నిమిషాలు ఆపారు. ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు, కారం ఊరికే. అక్కడ ఎక్కిన మద్దిలేటమ్మ నా పక్కన కూర్చుంది. పత్తికొండ పక్కపల్లెలో కూలికి పోయే మనిషి, మైదుకూరులో కూతురి కాన్పుకు పోతోంది. గుడ్డ తీయించి చూసింది.

"శానా బాగుండాది. కట్టెకు అగ్గెందుకు పెట్టినావమ్మా? ఎద్దులేం తినాల?"

మాది మగ్గాల ఇల్లు, చేలను నేను బస్సు కిటికీలోంచే చూశాను. అచ్చుబొమ్మ తీసి, వీళ్లూ కాల్చారు గదా అన్నాను.

"వాళ్లకు మేకలు లేవేమో. మన తావ కట్టె కాలిస్తే ఊరోళ్లు ఊరుకోరు."

"మరి ఈ పొగనేం చేయాలి?"

"ఉండనీ. తూర్పారబడితే దుమ్ము లేయదా? ఆ పిల్ల చేతికి చేట ఇయ్యి" అంది. పదిన్నరకు మైదుకూరులో దిగిపోయింది.

పన్నెండుకు కడపలో దిగి, ప్రదర్శన హాలు మెట్ల మీదే రంగులు విప్పాను. నావి తొందరగా ఆరే ఆక్రిలిక్ రంగులు కాబట్టి బతికిపోయాను. మంట మీద మట్టిరంగు వేశాను, పిల్ల చేతికి చేట ఇచ్చాను, పొగలో కాస్త ఎరుపు కలిపాను. దిగులుగా నిలబడ్డ పిల్ల పనిలో పడింది. వాలే పొద్దు వెలుతురును మాత్రం ముట్టుకోలేదు.

మూడింటికి ఎంపిక చేసే పెద్దాయన పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"వెలుతురు ఇంగ్లీషోళ్లది, తెలుస్తాండాది. ఈ దుమ్ము ఎవరు నేర్పినారమ్మా?"

"పత్తికొండ వైపు మద్దిలేటమ్మ గారు సార్."

"ఏ కాలేజీ ఆమెది?" అన్నాడు. నవ్వాపుకుని, చేనులో పనిచేస్తారన్నాను. ఆయన నవ్వలేదు, తలూపాడు. పటం వాకిలికి ఎదురు గోడకెక్కింది.

మర్నాడు ఏడింటి బస్సుకు వెనక్కి బయల్దేరాను. ఆళ్లగడ్డ ఇవతల రోడ్డు పక్క చేలో ఇద్దరాడవాళ్లు తూర్పారబడుతున్నారు, పొద్దుటెండలో దుమ్ము ఎర్రగా లేస్తోంది. మా సీమను కరువు సీమ అనేవాళ్లకు ఆ రంగు చూపించాలనిపించింది. మీరు ఈ దారిన వెళ్తే కిటికీ సీటు పట్టుకోండి. కడపలో ఆ హాలుకు వెళ్తే పటం కింద చీటీ చదవండి. రెండు పేర్లుంటాయి, మొదటిది మద్దిలేటమ్మది.