రాతిచేతులకు పసుపు

ధర్మవరం చెరువుగట్టు పార్కులో మగ్గం నేసే స్త్రీ శిల్పం ఉంది. ఒక ముసలి నేతగాడు రోజూ సాయంత్రం వచ్చి, చీర అంచు చూసినట్టు ఆ రాతిపోగుల మీద బొటనవేలు నడిపేవాడు.

ఒకనాడు మేమిద్దరం అక్కడుండగా ఒకామె ఆ శిల్పం చేతులకు పసుపు పూస్తోంది. ఇక దీన్నీ దేవతను చేసి రేపు కంచె కడతారు, ఎల్లుండి హుండీ పెడతారు, ఇక ఎవరినీ తాకనివ్వరు. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు.

"ఏమమ్మా, పసుపు చేతుల్తో పట్టు నేస్తే మరక పడదా? ఆ చీర ఎవురు కొంటారు?"

ఆమె నవ్వింది. "నిజమే తాతా. మా మగ్గంకాడ ఇట్ల కూర్చుంటే మా అత్త తంతాది."

చెరువు నీళ్లు తెచ్చి ఆ రాతిచేతులు తానే కడిగింది. నా గుండె తేలికపడింది. రాళ్లకు పూజలొద్దని ఇన్నేళ్లు వేదికలెక్కి వాదించినా, ఒక్కరి చేతా నేను పసుపు కడిగించలేకపోయాను.