ఆయన వేసుకున్న సగటు గీత

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఇవాళ పొద్దున పక్కింట్లో కంప్యూటరు టింగుమంటే నా చేతిలో గరిటె జారిపోయింది.

పటమటలో ఈ ఇల్లు కట్టుకున్నాక మా ఆయనకి షేర్ల పిచ్చి పట్టింది. కంకిపాడు పొలం కౌలుకిచ్చేసి, కాఫీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చునేవారు. ఒక్కరోజు ధర అబద్ధమాడుతుందని, కొన్నాళ్ల ధరలు కూడి సగటు తీస్తేనే నిజం తెలుస్తుందని, రోజూ కొత్త ధర ఒకటి వచ్చి చేరితే అన్నిటికన్నా పాతది రాలిపోతుందని, తెర మీద ఆ సగటు గీత అలా నడుస్తుందని, మూడో తరగతితో బడి మానేసిన నాకు కూడా తలకెక్కేలా చెప్పేవారు. అందరూ పెట్టుకునే రోజుల లెక్క ఆయనకి పనికిరాదు. నాటు నుంచి కోత దాకా వరి చేలో ఎన్నాళ్లుంటుందో అన్నాళ్లు పెట్టుకుని, ఆ గీతకి తన పేరే పెట్టుకున్నారు. ధర దాన్ని దాటితే టింగుమని మోగి, తెర మీద ఒక మాట పడేది. కూర్చున్నచోటే కునుకు తీసే మనిషి కదా, తనకి తనే రాసుకున్నారు: “లేవవోయ్, దాటింది!”

ఆయన పోయిన పదకొండో రోజు విస్తళ్లు వేస్తుండగా గదిలోంచి మోగింది. దండ వేసిన ఫొటో పక్కనే తెర మీద ఆ మాట. వడ్డించేవాళ్ల చేతులు ఆగిపోయాయి.

“జనం హడలిపోతున్నారే అమ్మా, తీసేస్తా” అంటూ మా అమ్మాయి పరుగెత్తింది.

“ముట్టుకున్నావంటే ఊరుకోను! అందులో మీ నాన్న బతికున్న రోజులున్నాయి” అంటూ దాని చెయ్యి పట్టుకున్నాను.

అప్పట్నుంచి రోజూ ఆ కంప్యూటరు ముందే కూర్చునేదాన్ని. రోజుకొకటి చొప్పున ఆయన రోజులు రాలిపోతుంటే, ఇంకెన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. శని ఆదివారాలు మార్కెట్ ఉండదు, ఏదీ రాలదు; ఆ రెండు రోజులే నాకు అన్నం సయించేది.

ఆఖరి రోజూ రాలిపోయింది. గీత తెగిపోతుందనుకున్నాను. కనీసం వణకలేదమ్మా. ఆయన చూసిన రోజు ఒక్కటీ లేకుండా, ఆయన పేరు పెట్టుకుని, ఆయన నడకలాగే నిదానంగా ముందుకు పోతోంది. భయమేసి అమ్మాయిని కేకేశాను.

“అది లెక్కేనే అమ్మా, నాన్న కాదు.”

“లెక్కయితే ఆయనలా నడవడమెందుకే? తీసెయ్.”

ఈసారి నేను దాని చెయ్యి పట్టుకోలేదు.

మా చిన్నతనంలో ఇంటి యజమాని పోతే ఎడ్లు మేత ముట్టేవి కావు, గడియారానికి కీ ఇచ్చే చెయ్యి లేక అదీ ఆగిపోయేది. ఇప్పటి వస్తువులకి మనిషి పోయిన కబురు అందదు, పిలుస్తూనే ఉంటాయి. మీ ఇంట్లో మాత్రం పిలిస్తే పలికే గొంతులు కలకాలం నిండుగా ఉండాలమ్మా.