శేషప్ప వర్క్‌షాపులో ఎర్ర లైన్లు

మహేంద్ర చొక్కా అంచుతో సీడీ తుడిచి డ్రైవులో పెట్టాడు. ముందు కంపైలర్ ఎక్కించి, తరువాత దాంతో, ప్రోగ్రాములు టైపు చేసే ఎడిటర్‌కు అదనంగా తగిలించేందుకు తాను రాసిన ఎక్స్‌టెన్షన్‌ను బిల్డ్ చేయడం మొదలుపెట్టాడు. హోసూరులో శేషప్ప లేత్ వర్క్‌షాపుకు వచ్చి నిరుడూ ఇదే పని చేశాడు. ఇది 2003 నాటి మాట.

దీనికంతా కారణం ఆయుధపూజ. పండగకు శేషప్ప మిషన్లన్నిటికీ కొత్త పెయింటు కొట్టిస్తాడు. కంప్యూటర్‌కు పెయింటు కొట్టలేడు కాబట్టి అందులో ఉన్నదంతా తుడిపించి ఫార్మాట్ చేయిస్తాడు. దాంతో ఎక్స్‌టెన్షన్ పోతుంది.

అది లేకపోతే, మహేంద్ర మామా అని పిలిచే హనుమంతప్పకు జరగదు. కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ లేత్‌కు ఆ ప్రోగ్రాం టైపు చేసేది ఆయనే. షుగరు కళ్ళలోకి దిగింది. మైనస్ గుర్తుకూ స్క్రీను మీద దుమ్ముకూ తేడా తెలియదు. పనిముక్కను పట్టుకుని తిరిగే చక్ వైపు, ఇనుమును కోసే టూలు దూసుకుపోయేలా చేసే లైన్లు ఎర్రగా కనిపిస్తే మాత్రం పట్టుకోగలడు. మహేంద్ర రాసిన ఎక్స్‌టెన్షన్ చేసేది అంతే, ఆ లైన్లను ఎర్రగా చూపిస్తుంది.

కానీ దాన్ని ఆ కంప్యూటర్‌లో ఉన్న ఎడిటర్ వెర్షన్‌కు తగినట్టు అక్కడే బిల్డ్ చేయాలి. ఫార్మాట్ చేసేవాడు చేతికి దొరికిన ఎడిటర్ వెర్షన్ పెట్టిపోతాడు. మహేంద్ర ఉండేది కృష్ణగిరిలో, ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పని. ఫోను అందుకుని, సెలవు అడిగి, బస్సెక్కి వచ్చేదాకా హనుమంతప్ప ఉన్న చూపుతోనే నెట్టుకురావాలి.

ఈసారి నెట్టుకురాలేకపోయాడు. ఒక లైన్లో అక్కర్లేని మైనస్ మిగిలిపోయి, టూలు పోయి చక్‌కు గుద్దుకుంది.

"నీ మీద కోపం కాదు హనుమంతప్పా," అన్నాడు శేషప్ప. "చక్ మొక్కుకుంటే రాదు కదా. ఇంకొక్క తూరి ఇట్లయితే ఈ సీట్లో మన హెల్పరు కేశవులు కూర్చుంటాడు."

"ఫార్మాట్ మానుకుంటే సరిపోతుంది కదన్నా," అన్నాడు మహేంద్ర.

"ఏమప్పా, పూజే మానుకోమంటావా?"

మహేంద్ర ఆ పూటకు బిల్డ్ ముగించి బస్సెక్కాడు. కృష్ణగిరికి పోయి, ఎడిటర్‌నూ దానికి సరిగ్గా బిల్డ్ చేసిన ఎక్స్‌టెన్షన్‌నూ కలిపి ఒకే ప్యాకేజీగా సీడీకెక్కించాడు. ఎడిటర్ తెరుచుకోగానే ఎక్స్‌టెన్షన్ దానంతటదే లోడయ్యేలా సెట్టింగ్ కూడా అందులోనే పెట్టాడు. షాపులో పక్కన పడేసిన పాత డిస్కుల మీద ఎక్కించి, తుడిచి, మళ్ళీ ఎక్కించి చూశాడు. కంపైలర్ లేని చోట కూడా ఎరుపు వచ్చింది. మధ్యమధ్య హనుమంతప్పకు ఫోను చేసి, కళ్ళు ఎట్లున్నాయని అడిగేవాడు.

"ఉన్నాయిలే. నువ్వు నీ పని చూడప్పా," అనేవాడాయన.

మరుసటి ఆయుధపూజకు కంప్యూటర్ ఫార్మాట్ అయింది. మహేంద్ర పక్కన నిలబడ్డాడే తప్ప చేయి పెట్టలేదు. శేషప్పే సీడీ వేసి, అడిగిన చోటల్లా ఎంటర్ కొట్టాడు. ఎడిటర్ తెరుచుకుంది. పాత ప్రోగ్రాం ఒకటి తెరిస్తే ఎర్ర లైన్లు టకటకా వచ్చేశాయి.

"భలే! నాక్కూడా వచ్చేసిందే!" శేషప్ప నవ్వాడు. "రా హనుమంతప్పా, చూడు."

హనుమంతప్ప వచ్చి కూర్చున్నాడు. ముఖం స్క్రీనుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, వేలితో ఒక లైను చూపించాడు. అది నల్ల లైను. ఎర్రది దానికి పై వరుసలో ఉంది.

శేషప్ప నవ్వు ఆగిపోయింది.

"పసుపు పెడతాను మామా. అక్షరాలు పెద్దవి చేస్తాను," అంటూ మహేంద్ర కీబోర్డు లాక్కున్నాడు. పసుపు పెట్టాడు. అక్షరాలు స్క్రీను నిండేంత చేశాడు. హనుమంతప్ప వేలు మళ్ళీ వెతికింది, మళ్ళీ తప్పింది.

"యాడుందప్పా?" అన్నాడు. తరువాత తానే చేయి తీసేసుకున్నాడు. "విడువు. మళ్ళీ ఎరుపే పెట్టు. నువ్వు చేసింది సరిగ్గానే ఉంది."

మహేంద్ర ఎరుపు పెట్టాడు. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. శేషప్ప గోడకున్న కొత్త పెయింటు మరకను గోటితో గీకుతూ నిలబడ్డాడు.

హనుమంతప్ప లేచి, తడుముకుంటూ డ్రైవు తెరిచి సీడీ తీశాడు. కవరులో పెట్టి, పక్కనే నిలబడ్డ కేశవులుకు అందించాడు.

"ఇది పెట్టుకోప్పా. వచ్చే పూజకు ఎవరినీ పిలిచే పని లేదు."